మెటికలాయనతో శాంతి ఒప్పందం

ప్రపంచంలో శాంతిని మొదట ఎవరు కనిపెట్టారో నాకు తెలియదు గానీ, దాన్ని లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తు దాకా మోసుకొచ్చింది మాత్రం మా అపార్ట్‌మెంట్ సంఘమే. మా బిల్డింగులో ఇంతవరకు ఒక్క యుద్ధం జరగలేదు. పక్క బిల్డింగులో నీళ్ళ మోటారు దగ్గర జుట్లు పట్టుకున్నారు. మేం అలాంటివాళ్ళం కాదు, మాకు పిల్లలున్నారు. (వాళ్ళకీ ఉన్నారనుకోండి. ఆ పిల్లల గతి తలుచుకుంటే నాకు ముద్ద దిగదు.)

ఈ శాంతికి మూలపురుషుడు మా పక్క ఫ్లాటాయన. ఆయన ఎవరినైనా కొట్టగా చూసినవాళ్ళు లేరు. ఏదైనా అడిగే ముందు పది వేళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి మెటికలు విరుస్తాడు, అంతే. అందుకే మెటికలాయన అంటాం, అదీ తలుపులు వేసుకుని. ఈ రోజు విరిచేది తన వేళ్ళే, రేపు ఎవరివో ఎవరు చెప్పొచ్చారు? ("వాతం పట్టుంటుంది, ఆముదం రాసుకోమను" అంటుంది మా అత్తయ్య. ఆవిడకు అంతర్జాతీయ వ్యవహారాలు తెలియవు.)

మొదట ఆయన చెప్పుల స్టాండు తెచ్చి అందరూ నడిచే వరండాలో పెట్టాడు. సంఘం అధ్యక్షుడు, వృత్తిరీత్యా పళ్ళ డాక్టరు, అత్యవసర సమావేశం పెట్టి, చెప్పులకు చోటు దొరికిన మనిషి ఇక ఏమీ అడగడని తేల్చాడు. మెటికలాయన కూడా "ఇదే ఆఖరిది" అని మాటిచ్చాడు. చప్పట్లు కొట్టాం. తర్వాత పార్కింగులో ఇంకో చోటు అడిగాడు. అదీ ఆఖరిదే. తర్వాత డాబా మీద బట్టలారేసే దండేలన్నీ. అదీ ఆఖరిదే.

"ఉరి తీయబోయేవాణ్ణి అడుగుతారు ఆఖరి కోరిక ఏమిటని. వీడికి నెలకొకటి ఏమిటే?" అంది అత్తయ్య.

"గట్టిగా అనకండి అత్తయ్యా, గోడ పల్చన."

"పల్చనైంది గోడ కాదే, మీ గుండెలు."

తర్వాత వాచ్‌మన్ గది. దాన్ని ఇచ్చే సమావేశానికి వాచ్‌మన్‌ను పిలవలేదు. వస్తువు ఎవరిదో వాళ్ళు ఆవేశపడతారు, ఆవేశపడితే శాంతి చెడుతుంది అని పళ్ళ డాక్టరు నియమం. ఎంత ముందుచూపో అని అందరికంటే ముందు చెయ్యెత్తాను. (ఇప్పుడతను గేటు బయట కుర్చీలో ఉంటున్నాడు. కాపలా కాసేవాడు వానలో ఉంటే నిద్రపోడని సంఘం గమనించింది.) టీవీలో కూడా చూశాను, పెద్ద పెద్ద ప్రభుత్వాలే పక్కవాడి పొలం రాసిచ్చేసి, బయటికొచ్చి నవ్వుతూ చేతులూపుతాయి. అంత చదువుకున్నవాళ్ళు తెలియక చేస్తారా?

ఒక ఆదివారం పళ్ళ డాక్టరు మా ఇంటికి వచ్చాడు.

"శుభవార్తమ్మా! యుద్ధం తప్పింది."

"ఏ యుద్ధం డాక్టరు గారూ?"

"తప్పిపోయిందిగా, పేరెందుకు? మీ బాల్కనీ ఇచ్చేశాం."

మాది రెండు గదుల ఇల్లు. ఒకదాంట్లో అత్తయ్య టీవీ, ఇంకోదాంట్లో మంచాలు. మా అమ్మాయి వచ్చే నెల ప్రవేశ పరీక్షకు చదువుకుంటున్నది ఆ బాల్కనీలోనే. మా బాల్కనీకీ మెటికలాయన బాల్కనీకీ మధ్య నడుమెత్తు గోడ. అది కొట్టేసి ఆయన వ్యాయామం మిషను పెట్టుకుంటాడట.

"మరి నేనెక్కడ చదువుకోవాలి?" అంది అమ్మాయి.

"మెట్ల మీద గాలి బాగుంటుంది తల్లీ."

"మా బాల్కనీ ఇవ్వడానికి మీరెవరండీ?"

"చూశారా, ఆవేశం! అందుకే పిలవలేదు" అన్నాడు డాక్టరు నావైపు తిరిగి. మా ఆయన తటస్థ విధానం ప్రకారం స్నానాల గదిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున మెటికలాయన కొలత టేపు పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు. అమ్మాయి కుర్చీలోంచి లేవలేదు. ఆయన మెటికలు మొదలుపెట్టాడు. నేను తలుపు చాటున నిలబడి ఆస్పత్రి, పోలీసులు, కోర్టు వరుసగా ఊహించుకుని, పేపర్లో వెయ్యడానికి అమ్మాయి ఫోటో మంచిది ఒక్కటీ లేదని కూడా గుర్తు చేసుకున్నాను.

అమ్మాయి తల ఎత్తలేదు. "అంకుల్, చదువుకుంటున్నా. ఆ చప్పుడేదో లోపల చేసుకోండి."

ఏడో వేలు దగ్గర ఆగిపోయాడు. "పరీక్షలా?"

"ఊఁ."

"సరే సరే, చదువుకో" అని టేపు చుట్టుకుని లోపలికి వెళ్ళి, తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు.

మూడు వేళ్ళు మిగిలిపోయాయి! ఆ మూడింటి కోపం ఎక్కడికి పోతుంది? ఆయన మెటికలు లెక్కపెట్టడానికి సంఘం వేసిన, వరండాలో చెవులొగ్గి కూర్చునే కోప నివారణ ఉపసంఘం కూడా ఇదే గమనించి డాక్టరును పిలుచుకొచ్చింది. అమ్మాయి చేసింది కవ్వింపు చర్య అని తీర్మానించారు. నేను దాన్ని రెక్క పుచ్చుకుని లోపలికి లాక్కొచ్చాను. అరడజను అరటిపళ్ళతో అందరం మెటికలాయన తలుపు తట్టాం.

"చిన్నపిల్లండీ, తెలియక అనేసింది. బాల్కనీ మీదే" అన్నాను.

"అబ్బే, వద్దులెండి. పిల్ల చదువుకుంటోంది కదా. ఊరికే అడిగి చూశాను."

డాక్టరు నా చెవిలో అన్నాడు, "విన్నారా, ఎంత మండిపడుతున్నాడో?"

"అలా అనకండి, మీరు తీసుకోవాల్సిందే" అని చేతులు జోడించాను.

"వద్దంటున్నానా!" అని ఆయన గొంతు పెంచాడు. మేం భయపడ్డదంతా నిజమేనని అప్పుడు రుజువైంది. సాయంత్రానికల్లా తాపీమేస్త్రీని పిలిపించి గోడ కొట్టించేశాం. ఆయన వద్దు వద్దంటూ అడ్డం వస్తుంటే ఉపసంఘం వాళ్ళు మర్యాదగా పట్టుకున్నారు.

అత్తయ్య ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. అమ్మాయి మెట్ల మీద చదువుకుంటోంది. మెటికలాయన దాన్ని దాటుకుని వెళ్ళేటప్పుడల్లా "పాపం, ఇంట్లో చోటు లేదామ్మా?" అని జాలిగా అడుగుతున్నాడు. మెట్లు ఇంకా అడగలేదు. అడిగేదాకా ఆగడం మర్యాద కాదని ఈ ఆదివారం సమావేశం పెడుతున్నాం.