చెత్తకుండీ మూతకు ప్రారంభోత్సవం

నివాసుల సంక్షేమ సంఘం వారు సహర్షంగా ప్రకటించునది ఏమనగా, భవనం ఆవరణలో కందిరీగల సమస్య సంపూర్ణంగా అదుపులోకి వచ్చినది. కావున నివాసులెవరూ కిటికీలు తెరవరాదు. పసుపు రంగు బట్టలు కట్టరాదు. గేటు నుంచి మెట్ల దాకా పరుగున రావలెను. పరుగెత్తలేని వృద్ధులు ఆ విషయం కార్యదర్శిగారికి ముందుగా తెలియజేయగలరు.

ఈ ప్రకటనను బోర్డుకు అంటించి వెనుదిరిగిన కార్యదర్శిగారి కుడిచెవి సాయంత్రానికి రెండింతలైంది. అది వేరే సంగతి.

కింది వాటాలో ఉండే టైలరమ్మ ఆ ప్రకటనను మూసిన కిటికీ అద్దంలోంచే చదువుకుంది. ఆవిడ కిటికీకి నాలుగడుగుల దూరంలో భవనం మొత్తానికీ ఒకే ఒక్క చెత్తకుండీ ఉంది. దానికి మూత లేదు. వేసవి చివరికొచ్చేసరికి ఇరవైనాలుగు కుటుంబాలు తిని పారేసిన పళ్ల తొక్కలూ, తాగి విసిరిన రసం డబ్బాలూ అందులో పులిసి ఘుమఘుమలాడుతున్నాయి. ఆ పక్కనే గోడ పగుల్లో గూడు కట్టుకున్న కందిరీగలకు ఇంతకన్నా ఏం కావాలి? గడప దాటితే భోజనశాల.

టైలరమ్మకు మాత్రం ప్రాణం మీదికొచ్చింది. ఎదుటి బడిలో అరవైమంది పిల్లలకు యూనిఫారం చొక్కాలు కుట్టే పని ఏటా ఆవిడదే. సగం ఏడాది ఆ ఇల్లు గడిచేది దాంతోనే. పిల్లలే వచ్చి కొలతలిచ్చి పోతారు. ఈ ఏడు వచ్చినవాళ్లు వచ్చినట్టే గేటు దగ్గర కెవ్వుమని వెనక్కి పరుగు. "శుక్రవారం లోపల కొలతలు పూర్తి కాకపోతే రెడీమేడ్ కొట్టుకి ఇచ్చేస్తామమ్మా, ఏమీ అనుకోకండి" అని హెడ్మిస్ట్రెస్ మెత్తగానే చెప్పింది. మెత్తగా చెప్పిన మాటకే టైలరమ్మకు భయమెక్కువ.

"అమ్మాయ్, ఉక్కకి చచ్చిపోతున్నా. ఆ కిటికీ కాస్త తియ్యవే" అంది అత్తగారు విసనకర్ర ఆడిస్తూ.

"తీస్తే గాలితోపాటు అవీ వస్తాయి అత్తయ్యా."

"అయితే ఆ కుండీకి మూతెయ్యమని చెప్పు. తిండి దొరక్కపోతే వాటి దారిన అవే పోతాయి."

ఏ కమిటీలోనూ సభ్యురాలు కాకపోవడం వల్ల అత్తగారికి ఇంత తేలికైన ఉపాయం తట్టింది.

టైలరమ్మ తలమీద కొంగు కప్పుకుని, ఒక్క పరుగున సంఘం ఆఫీసుకెళ్లింది. అధ్యక్షులవారు రిటైరైన సూపరింటెండెంటు. అర్జీ విని నొచ్చుకున్నారు. "మూత లేదని ఎవరన్నారమ్మా? వచ్చి నెలయింది" అంటూ బల్ల మీది మఖమలు గుడ్డ తొలగించారు. ప్లాస్టిక్ కాగితం కూడా విప్పని మూత, నడుమున రిబ్బను కట్టుకుని, నిగనిగలాడుతూ ఉంది.

"మరి వెయ్యలేదేం సార్?"

"వెయ్యడానికేముంది, ఎవరైనా వేస్తారు. ప్రారంభించడానికి స్థాయి గల మనిషి కావాలి. కౌన్సిలరుగారు తేదీ ఇవ్వాలి. మెట్లకి కొత్త రెయిలింగు వేయించామా, దాన్నీ ఆయనే ప్రారంభించాలి. అందాకా ఎవరూ పట్టుకోవట్లేదు. మొన్న రెండో అంతస్తు పెద్దాయన జారిపడ్డారు. అయినా పట్టుకోలేదు. క్రమశిక్షణంటే అదీ!"

ఈలోగా సంఘం చేతులు ముడుచుకు కూర్చుందని ఎవరూ అపోహపడరాదు. కందిరీగలను లెక్కించడానికి ఉపసంఘం ఏర్పడింది. అవి కుదురుగా నిలబడనందున లెక్క తేలలేదని నివేదిక ఇచ్చింది. ఉపాధ్యక్షులవారు 'కందిరీగతో సహజీవనం' అనే అంశంపై మూడో అంతస్తు కిటికీ అద్దం వెనకనుంచి గంటసేపు ఉపన్యసించారు. ఒక్క ముక్క వినబడకపోయినా కింద చప్పట్లు మోగుతూనే ఉన్నాయి. అందరూ చేతులతో కందిరీగలను కొట్టుకుంటున్నారు మరి. బ్యాంకు ఆఫీసరుగారు గూటి మీదికి పైపుతో నీళ్లు కొట్టి సాహసం ప్రదర్శించారు. మర్నాడు ఆ మొహంతో బ్యాంకుకెళితే గుర్తింపు కార్డు చూపించమన్నారట.

టైలరమ్మకు ఓపిక నశించింది. సోమవారం తెల్లవారుజామున, చల్లదనానికి కందిరీగలు ఇంకా మగతగా ఉన్న వేళ, పాత రెయిన్‌కోటు తొడుక్కుని, తలకు దోమతెర చుట్టుకుని, టేపు పట్టుకుని బయటికొచ్చింది. బొద్దుగా ఉన్న పిల్లాడికి కొలత తీసినట్టు కుండీకి చుట్టుకొలత తీసింది. మధ్యాహ్నానికల్లా మందపాటి రెక్సిన్‌తో ఒక తొడుగు తయారైంది. చుట్టూ ఎలాస్టిక్, చెత్త వెయ్యడానికి పైన జిప్పు. మర్నాడు తెల్లారుతూనే తొడిగేసింది. అచ్చం టైలరు పనే, ఎక్కడా ముడత లేదు.

గురువారానికి కందిరీగలు ఒకటీ అరా మిగిలాయి. ఆ రోజూ శుక్రవారమూ కలిపి అరవైమందీ వచ్చి కొలతలిచ్చేశారు. కిటికీ తెరుచుకుంది. "హమ్మయ్య, బతికించావే తల్లీ" అని అత్తగారు కాళ్లు చాపుకుంది. మిషను రాత్రనక పగలనక నడిచి, పై వారాంతానికి చొక్కాలన్నీ ఓ రూపానికొచ్చాయి. ఇక బొత్తాలే బాకీ. సోమవారం బడి తెరుస్తారు.

సరిగ్గా ఆ ముందురోజుకే కౌన్సిలరుగారు తేదీ ఇచ్చారు.

మూత ఉన్న కుండీకి మూత ప్రారంభించడం ఎలాగని సంఘం అత్యవసరంగా సమావేశమైంది. కింది వాటా వారి అనధికార తొడుగును శనివారం తొలగించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. అంత దూరం నుంచి పెద్దమనిషి వస్తే చూపించడానికి ఒక్క కందిరీగ కూడా లేకపోవడం భవనానికే అప్రతిష్ఠ గనుక, రెండు బుట్టల మగ్గిన పళ్లు కూడా కుండీలో వేయించింది.

"సార్, ఎల్లుండే బడి. మూడువందల అరవై బొత్తాలు కుట్టాలి. కిటికీ మూసుకుంటే చెమట చేతులతో తెల్లగుడ్డ ఎలా పట్టుకోను?" అని టైలరమ్మ మొత్తుకుంది.

"ఒక్క రెండ్రోజులమ్మా. సహకరించాలి" అన్నారు అధ్యక్షులవారు.

ఆదివారం కౌన్సిలరుగారు పసుపు చొక్కాలో విచ్చేశారు. నోటీసు నివాసులకే వర్తిస్తుంది కదా. పళ్లరసం గ్లాసులు బారులు తీరాయి. మూతను పళ్లెంలో ఊరేగించుకుని తెచ్చారు. టైలరమ్మ మూసిన కిటికీ వెనక, చెమట చేతులు కొంగుకు తుడుచుకుంటూ, ఇరవయ్యో బొత్తం కుడుతోంది.

"సోదర సోదరీమణులారా! ఇది ఒట్టి మూత కాదు. మన ఐకమత్యానికి పట్టిన గొడుగు! ఈ క్షణం నుంచి ఒక్క కందిరీగ కూడా..."

అక్కడ ఆగిపోయారు. కింది పెదవి మీద ఒకటి వాలింది. ఇంత క్లుప్తంగా ఆయన ఎన్నడూ మాట్లాడి ఎరగరు.

తర్వాత మర్యాదకు తావు లేకపోయింది. ముప్ఫైమంది, అధ్యక్షులవారి నాయకత్వంలో, దగ్గరున్న తలుపు తోసుకుని లోపలికొచ్చి గడియ పెట్టేశారు. అది టైలరమ్మ ఇల్లే. బయట కందిరీగలు రసం తాగుతూ తీరిగ్గా ఉన్నాయి. ఇప్పట్లో కదిలేలా లేవు.

అత్తగారు కౌన్సిలరుగారి పెదవికి ఐసుముక్క అద్ది, గదంతా ఒకసారి చూసింది. "ఎలాగూ కూర్చుంటారుగా. ఇవిగో సూదులు. ఇవిగో బొత్తాలు. నాయనా, నువ్వూ పట్టు."

రెండు గంటల్లో బొత్తాలన్నీ అయిపోయాయి. అధ్యక్షులవారు కుట్టినవి మాత్రం విప్పి మళ్లీ కుట్టాల్సొచ్చింది. మాట పెగలని కౌన్సిలరుగారు పదకొండు కుట్టారు. బాగా కుట్టారు. టైలరమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకెళ్లి నవ్వుకుని వచ్చింది. సోమవారం అరవై చొక్కాలు బడికి నడిచి వెళ్లాయి.

తొడుగు తిరిగి కుండీకెక్కింది. నాలుగురోజుల్లో కందిరీగలు పోయాయి. కౌన్సిలరుగారి పాదస్పర్శతో పీడ విరగడైందని సంఘం మినిట్స్‌లో రాసుకుంది. రిబ్బను కత్తిరించలేదు కాబట్టి మూత మళ్లీ బల్లెక్కింది.

వారం తర్వాత అధ్యక్షులవారు టైలరమ్మ గుమ్మంలో నిలబడ్డారు. "మళ్లీ తేదీ దొరికేదాకా మూత మీద దుమ్ము పడుతోందమ్మా. నీది పనితనం గల చెయ్యి. దానికో తొడుగు కుట్టిపెట్టాలి."

టైలరమ్మ మెడలోని టేపు తీసింది. "ఎలాస్టిక్ పెట్టమంటారా, జిప్పా?"

నవ్వండి, పర్లేదు. నవ్వడం అయ్యాక ఒక్కసారి లేచి, మీ ఇంట్లో టీవీ రిమోటు చూసి రండి. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు దానిమీద ఇంకా అలాగే ఉంది.