అడ్వాన్సు దండం

ఆ సోమవారం పొద్దున మహిపాల్ వేసుకున్న పథకం చిన్నది. స్నానం చేయాలి, కొత్త ఖాకీ చొక్కా టక్ చేయాలి, తొమ్మిదింటికల్లా నాచారంలోని శుభయాన్ లాజిస్టిక్స్ గేటు ముందు నిలబడాలి. ఇందులో దేవుళ్ల ప్రస్తావన ఎక్కడా లేదు. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా లేకపోయేది.

మీసాలు రాకముందు క్లీనరుగా, వచ్చాక డ్రైవరుగా అతను లారీల మీదే బతికాడు. అన్నీ ఎవరివో లారీలే. ఓనరు మూడ్ బాగుంటే జీతం, లేకపోతే నీతి. కంపెనీలో ఉద్యోగం రావడం ఇదే మొదలు. అతన్ని ఆ ఉద్యోగం వైపు లాగింది జీతం కంటే ఈఎస్ఐ కార్డు. తల్లి వెంకటనర్సమ్మకు మోకాలి చిప్ప మార్చాల్సిందేనని డాక్టరు ఎప్పుడో తేల్చేశాడు. కార్డు వస్తే ఆపరేషన్ అవుతుంది. ఉప్పల్ చిలకానగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో ముసలామె నడక మొత్తం ఆ కార్డు మీద ఆధారపడి ఉంది.

అడ్డంగా వచ్చింది కెమెరా.

కంపెనీ పంపిన ఓరియెంటేషన్ మెసేజ్‌ను భార్య త్రివేణి పైకి చదివింది. పొద్దున క్లాసు, మధ్యాహ్నం టెస్ట్ డ్రైవ్. బండిలో డ్రైవరు ముఖాన్నే చూస్తూ ఒక కెమెరా ఉంటుంది. కన్ను మూసినా, స్టీరింగ్ మీంచి చెయ్యి తీసినా గచ్చిబౌలిలోని కంట్రోల్ రూములో అలారం మోగుతుంది. అలారం మోగితే ఉద్యోగం లేదు.

"ఇగ అయిపాయె," అంది త్రివేణి ఫోను పక్కన పెట్టి. "నీ సంగతి నాకెర్కలేదా? గుడి కనవడితె సాలు, చెయ్యి లేస్తది, కండ్లు మూసుకుంటవ్. బండి మీద ఎనక కూసున్న నేను ముందుకొచ్చి హ్యాండిల్ పట్టుకోవాలె."

"నేను కావాలని జేస్తలేనే. దానంతట అదే అయితది."

"కెమెరాకు గదే చెప్పుకో పో."

ఆమె మాటలో అబద్ధం లేదు. ఉప్పల్ నుంచి నాచారం దాకా దేవుళ్లు బస్టాపుల కంటే దగ్గరదగ్గరగా కొలువై ఉన్నారు. ప్రతి గుడి దగ్గరా మహిపాల్ చెయ్యి నుదుటికి, అక్కడి నుంచి గుండెకు, అక్కడి నుంచి పెదాలకు వెళ్లి ముద్దు పెట్టించుకుని గానీ స్టీరింగ్ దగ్గరికి తిరిగి రాదు. కళ్లు ఆ పని పూర్తయ్యేదాకా మూతపడి ఉంటాయి. ఇన్నేళ్లూ యాక్సిడెంట్ కాకపోవడానికి కారణం ఆ దేవుళ్లేనని అతని నమ్మకం.

మంచం మీద మోకాలు పట్టుకుని కూర్చున్న వెంకటనర్సమ్మ పరిష్కారం చెప్పింది.

"దీనికింత ఫికరేంది? మద్యాన్నం పెట్టే దండాలు పొద్దుగాల్నే పెట్టెయ్యి బిడ్డా. 'తల్లీ, ఇయ్యాల్టి దండం ముందే ముట్టింది, మళ్ల నన్ను పిలవకు' అని చెప్పుకో."

"దేవుళ్లకు అడ్వాన్సా అమ్మా?"

"ఇంటి ఓనరు తీస్కుంటలేడా? దేవుడు అంతకన్న చెడ్డోడా?"

మహిపాల్ బండి తాళం చేతికి తీసుకున్నాడు. కాకపోతే ఒక చిక్కుంది. ఆంజనేయుడు, సాయిబాబా, పోచమ్మ ఉత్త దండంతో సరిపెట్టుకుంటారు. నాచారం మలుపులో వేపచెట్టు కింద ఉన్న మైసమ్మ అలా కాదు. బండి తోలేవాళ్లను కాచే తల్లి. కొత్త పనిలోకి వెళ్లేవాడు ఆమె ముందు కల్లు ధార పోసి సాక పెట్టాలి. పక్కింటి మల్లవ్వ తమ్ముడు ఊరి నుంచి తెల్లారే తెచ్చిన ఈతకల్లు కూల్‌డ్రింక్ సీసాలోకి మారింది. తల్లి బండి వెనక ఎక్కి, సీసాను ఒళ్లో పసిపిల్లలా పెట్టుకుంది.

దేవుళ్లందరూ అడ్వాన్సు తీసుకున్నారు. ప్రతి ఒక్కరి రసీదూ మహిపాల్ నుదుటి మీద పడింది. ఆంజనేయుడి సింధూరం మీద బాబా విభూతి, దాని మీద పోచమ్మ పసుపు. చివరికి మైసమ్మ దగ్గర వెంకటనర్సమ్మ సగం సీసా ధార పోసి, దిష్టి పోవాలని ఒక దోసెడు కొడుకు నెత్తిన జల్లింది. అది నెత్తి మీద ఆగకుండా ఖాకీ చొక్కాలోకి దిగింది.

"ఏందమ్మా గిది! ఆఫీసుకు పోవాలె నేను!"

"ఎండకు ఆరిపోతది తీ," అని ఆమె మిగిలిన సీసాతో ఆటో ఎక్కింది.

చొక్కా ఆరింది. వాసన ఆరలేదు.

శుభయాన్‌లో సేఫ్టీ ఆఫీసరు వంశీకృష్ణ కాకినాడ మనిషి. గంజి పెట్టిన తెల్లచొక్కా, చేతిలో రిమోట్, వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో 'మద్యం విషయంలో సహనం సున్నా' అన్న స్లైడు. మనిషి అబద్ధం చెబుతాడు, యంత్రం చెప్పదు అనేది ఆయన క్లాసులో మొదటి వాక్యం. ఆ వాక్యం మధ్యలో మహిపాల్ లోపలికి వచ్చాడు. ఆయన ముక్కు రెండుసార్లు కదిలింది.

"ఏవండీ, పొద్దున్నే మొదలెట్టేశారా?"

"లేద్సార్. అది మైసమ్మకు పోసిన కల్లు."

"మైసమ్మ ఎవరండీ?"

"దేవత సార్."

"ఆవిడ తాగితే మీ చొక్కా కంపు కొట్టడమేంటండీ?"

క్లాసు గొల్లుమంది. వంశీకృష్ణ ఊదుడు యంత్రం తెప్పించాడు. మహిపాల్ ఊదాడు. సున్నా వచ్చింది. ఆఫీసరు యంత్రాన్ని చేత్తో తట్టి మళ్లీ ఊదించాడు. మళ్లీ సున్నా. అంతవరకూ యంత్రం అబద్ధం చెప్పదన్న మనిషి, ఫోన్ తీసి కంట్రోల్ రూముకు రిపోర్టు పెట్టాడు: యంత్రం పాడైంది.

"మీరు వెనక కూర్చోండి. టెస్ట్ డ్రైవ్ లేదు. సాయంత్రం ఇంటికెళ్లిపోవచ్చు."

మహిపాల్ వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాడు. "పాయెనే," అన్నాడు. "అంతా పాయె. అమ్మకు చెప్పకు."

అమ్మ ఫోను పక్కనే ఉంది.

కొడుకు తాగలేదని నిరూపించడానికి వెంకటనర్సమ్మకు ఒకే దారి తోచింది. మైసమ్మకు పోసింది సగం, మిగిలింది సగం. మిగిలిన సగం కళ్లారా చూపిస్తే కొడుకు కడుపులోకి ఏమీ పోలేదని ఎవడికైనా తెలుస్తుంది. మండుటెండలో ఆటో ఎక్కి, సంచిలో సీసాతో నాచారం చేరింది. గేటు దగ్గర సెక్యూరిటీవాడు మందుసీసాల కోసం డ్రైవర్ల సంచులు వెతుకుతున్నాడు. కుంటుకుంటూ వస్తున్న ముసలామెకు మాత్రం తనే చెయ్యిచ్చి మెట్లెక్కించాడు.

"సారూ, నా కొడుకు తాగలె," అంటూ ఆమె సీసాను ఆఫీసరు బల్ల మీద పెట్టింది. "సాచ్చెం ఇగో."

సీసా పొద్దుటి సీసాలా లేదు. ఎండకు పులిసిన కల్లు లోపల బుసలు కొడుతుంటే, పొంగిన బూరెలా ఉబ్బి, నిలబడలేక ఊగుతోంది. అది చూసి మహిపాల్ వెనక వరసలోంచి లేచాడు.

"సార్, మూత తియ్యకుండ్రి!"

"ఎందుకండీ?" వంశీకృష్ణ నవ్వాడు. "తీస్తే నిజం బయటపడుతుందనా?"

తీశాడు. నిజం ఢామ్మని బయటపడింది. ఆయన జుట్టు మీద, గంజి చొక్కా మీద, గోడ మీది సున్నా మీద సమానంగా పడింది. మూత ఫ్యానుకు తగిలి ఎటో పోయింది.

"అయ్యో, సగం సీస నేలపాలాయె," అంది వెంకటనర్సమ్మ. "సాచ్చెం పాయె గద సారూ!"

సరిగ్గా అప్పుడే గచ్చిబౌలి నుంచి ఫోన్. మధ్యాహ్నం స్లాటు మొదలైంది, డెమో డ్రైవ్ కోసం అందరూ స్క్రీన్ల ముందు ఉన్నారు, వెంటనే బయల్దేరాలి. నియమం ప్రకారం మొదటి రౌండు నేర్పేవాడే నడిపి చూపాలి. చొక్కా మార్చుకునే వ్యవధి లేదు. వంశీకృష్ణ ముఖం కడుక్కుని లారీ ఎక్కాడు. పక్క సీట్లో మహిపాల్‌ను కూర్చోబెట్టుకున్నాడు. వదిలేసి వెళ్తే ఇంకే సాక్ష్యం తెప్పిస్తాడో అని భయం.

"చూసి నేర్చుకోండి," అన్నాడు. "ఇంకో కంపెనీలోనైనా పనికొస్తుంది."

లారీ గేటు దాటింది. క్యాబిన్‌లో గాలిని వాసన చూసే పెట్టె ఒకటి ఉంది. దాని మీద ఎర్రలైటు వెలిగింది. ఆఫీసరు గమనించలేదు. చేతులు రెండూ స్టీరింగ్ మీద పెట్టి, చూపు రోడ్డు మీద నిలిపి, పాఠంలో చెప్పినట్టే నడుపుతున్నాడు. మలుపు తిరగ్గానే ఎడమవైపు ఆంజనేయస్వామి గుడి వచ్చింది.

వంశీకృష్ణ కుడిచెయ్యి లేచింది. నుదుటికి వెళ్లింది, గుండెకు వెళ్లింది, పెదాల దగ్గర ఆగింది. కళ్లు భక్తిగా మూతపడ్డాయి. లారీ కూడా భక్తిగా డివైడరు వైపు జరిగింది.

మహిపాల్ పక్కకు వంగి స్టీరింగ్ పట్టుకున్నాడు. దండం పెట్టడానికి అతని చెయ్యి లేవలేదు. అతనిది పొద్దున్నే ముట్టింది.

క్యాబిన్‌లో అలారం మోగింది. స్పీకర్లోంచి కంట్రోల్ రూము కుర్రాడు హృషికేశ్ గొంతు వినిపించింది. "డ్రైవరు నిద్రపోయాడు. స్టీరింగ్ వదిలేశాడు. నోటి దగ్గర ఏదో పెట్టుకున్నాడు, సిగరెట్ అయ్యుండొచ్చు. క్యాబిన్‌లో మందు వాసన. ఎవరండీ ఈ డ్రైవరు?"

లారీ పక్కకు ఆగింది. "నేనేనండీ," అన్నాడు వంశీకృష్ణ. "వంశీకృష్ణని."

"సార్... తాగారా?"

"ఛ ఛ! అది మైసమ్మ కల్లండీ."

"మైసమ్మ ఎవరు సార్?"

మహిపాల్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"మీకు అనుమానమైతే ఇప్పుడే ఊదుతానండీ! సున్నా వస్తుంది!"

"ఆ యంత్రం పాడైందని పొద్దున మీరే రిపోర్టు పెట్టారు కద సార్. సాయంత్రంలోపు రాతపూర్వకంగా వివరణ పంపండి. సాక్షులుంటే సంతకాలు పెట్టించండి."

సాక్షి వరండాలో కాళ్లు చాపుకుని మోకాలు రుద్దుకుంటోంది. వంశీకృష్ణ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. గంజి చొక్కా అప్పటికి అట్ట కట్టింది.

"అమ్మా, నేను తాగలేదని మీరే చెప్పాలండీ."

"ఎందుకు చెప్పను కొడుకా? నా కండ్లతోని చూసిన. నువ్వు సుక్క ముట్టలె. వాసనొస్తె తాగినట్టా?" అని ఆమె కొంచెం ఆగింది. "గని ఇదే ముచ్చట పొద్దుగాల నా కొడుకు చెప్పిండు. నువ్వే వినలె."

"ఇప్పుడు వింటానండీ."

"వినుడు గాదు సారూ. రాయి."

వంశీకృష్ణ రాశాడు. యంత్రం బాగానే ఉంది. బట్టల మీద కల్లు వాసన వచ్చినంత మాత్రాన మనిషి తాగినట్టు కాదు. ఈ మాటలు తనకొక్కడికే వర్తిస్తాయని రాసుకునే వీలు ఆయనకు దొరకలేదు. వెతకలేదని కాదు. వెంకటనర్సమ్మ వేలిముద్ర వేసింది. పొద్దు వాలకముందే మహిపాల్ అదే లారీని ఉప్పల్ దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చాడు. దారి పొడవునా దేవుళ్లందరూ పిలవకుండా ఊరుకున్నారు. అంతసేపు రెప్ప వాల్చని డ్రైవరును ఇంతవరకూ చూడలేదని గచ్చిబౌలి మెచ్చుకుంది.

ఈఎస్ఐ కార్డు వచ్చింది. మోకాలికి తేదీ కూడా దొరికింది. త్రివేణి ఇప్పుడు బండి వెనక చేతులు కట్టుకుని కూర్చుంటోంది.

తరువాతి బ్యాచ్‌కు వెళ్లిన ఓరియెంటేషన్ మెసేజ్‌లో వంశీకృష్ణ పేరుతో కొత్త నియమం ఒకటి చేరింది. డ్రైవర్లు దారిలోని దండాలన్నీ బండి ఎక్కకముందే పూర్తి చేసుకుని రావాలి. సాక పెట్టేవాళ్లు సీసా మూత వదులుగా ఉంచాలని దాని కింద చిన్న అక్షరాల్లో ఉంది.