పడగ్గది గోడ

ఆ ఉదయం కార్యదర్శి వేసుకున్న పథకం చిన్నదే. రెండో అంతస్తు ఇల్లు కొనడానికి వచ్చే జంటను సొసైటీ తరఫున నాలుగు ప్రశ్నలు అడగాలి, ఏదో ఒక వంక పెట్టాలి, మర్యాదగా సాగనంపాలి. మధ్యాహ్నం కల్లా ఇంటికొచ్చి కునుకు తీయాలి.

ఆ పాతపేటలో ఇళ్ళన్నీ పురాతన కట్టడాల ఆఫీసు కనుసన్నల్లో ఉండేవే. ఈ భవనం మాత్రం అందులో కాపురముండేవాళ్ళందరి ఉమ్మడి సొత్తు. బయటివాళ్ళు కొనాలంటే సొసైటీ ఒప్పుకోవాలి. సొసైటీలో అయిదుగురున్నా, పెత్తనమంతా పుస్తకాల బైండింగు పని మానుకుని పై అంతస్తులో ఖాళీగా ఉన్న కార్యదర్శిదే. అమ్మేది నర్సమ్మ. ఒక పడగ్గది, చిన్న హాలు, వీధివైపు కిటికీ. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం అయిపోయింది కాబట్టి ఇల్లు అమ్మేసి వేరే ఊళ్ళో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతానంది. కార్యదర్శేమో ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారం ఆవిడ దగ్గరికెళ్ళి బీపీ చూపించుకుంటున్నాడు. బీపీకి ఏనాడూ ఏ లోపమూ లేదు. అయినా ఆయన వెళ్ళడం మానలేదు, ఆవిడ చూడడం మానలేదు. ఆవిడ లేని ఆదివారాన్ని తలచుకుంటేనే ఆయనకు ఊపిరాడడం లేదు.

వచ్చిన జంట బంగారంలాంటి పిల్లలు. సిగరెట్టు లేదు, కుక్క లేదు, గొంతు పెంచి మాట్లాడేవాళ్ళు కారు. వంక పెట్టడానికి గోరంత సందు దొరకలేదు.

"మాకు బాగా నచ్చింది అంకుల్," అంది అమ్మాయి, పడగ్గదిలో నిలబడి.

"నచ్చుతుందమ్మా. ఆ గోడ ఒక్కటే..." అన్నాడు కార్యదర్శి, నోరు జారి.

"గోడకేమైంది?"

"ఏం కాలేదు. ఇప్పటిదాకా."

అంతే. ఆ అమ్మాయి అక్కడే ఫోను తీసి పురాతన కట్టడాల ఆఫీసుకు చెప్పేసింది. కిటికీ తెరిచి ఉంది. కింద దుకాణంలో బట్టలు కుడుతున్న టైలరక్క చెవిన "గోడ" అన్న ముక్క పడింది. ఆవిడ ఆ ముక్కకు "కూలుతోంది" అని తోకొకటి తగిలించి, మెట్లెక్కే వాళ్ళకూ దిగే వాళ్ళకూ అప్పగించింది. కాసేపటికి పరుపులు, గిన్నెలు, పిల్లలు వీధిలోకి వచ్చేశారు. ఎవరో ఫైరింజనుకు ఫోను చేశారు. అది సందులోకి దూరింది గానీ వెనక్కి వెళ్ళలేకపోయింది.

"మీరిలా నిలబడతారేంటండీ, మీ పై అంతస్తు కూడా పోతుందట!" అని టైలరక్క కార్యదర్శి మీద కేకలేసింది. తాను పుట్టించిన అబద్ధమే అంత పెద్దదై తన ముందుకొస్తే ఆయనా నమ్మేశాడు. పరుగున పైకెళ్ళి దిండొకటి పట్టుకొచ్చాడు.

నర్సమ్మ అందరికంటే చివర బయటికొచ్చింది. ఒక చేత్తో కుర్చీ, ఇంకో చేత్తో నీళ్ళ బిందె. ముందు టైలరక్కను కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, నాడి చూసింది. ఇలాంటి మనిషిని ఊరు దాటనివ్వడం పాపం అనిపించింది కార్యదర్శికి. దిండు కౌగిలించుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

ఆఫీసు నుంచి ఇంజనీరు ఒకావిడ వచ్చింది. చిన్న సుత్తితో గోడంతా తట్టి, చెవి ఆనించి విని, కిందికి దిగింది.

"ఆ గోడ మనందరం పోయాక కూడా ఉంటుంది. కూలుతుందన్నదెవరు?"

ముందు ఆ అమ్మాయి వేలు, తర్వాత వీధిలో ఉన్న వేళ్ళన్నీ కార్యదర్శి వైపు తిరిగాయి.

"ఎందుకన్నారండీ అలా? నేనేం చేశాను మీకు?" అంది నర్సమ్మ.

"ఇల్లు అమ్ముడైతే మీరు వెళ్ళిపోతారని," అన్నాడాయన, దిండుకేసి చూస్తూ.

నర్సమ్మ కళ్ళు చెమర్చాయి.

"ఇన్నేళ్ళలో ఉండిపొమ్మని ఒక్కరూ అనలేదు. అక్క ఒక్కతే రమ్మంది. అందుకే వెళ్తున్నా."

"ఉండిపోండి."

"గోడ బాగానే ఉందిగా ఆంటీ, మేం కొనేస్తాం," అన్నాడు జంటలోని అబ్బాయి, సమయం సందర్భం లేకుండా. కార్యదర్శి దిండును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"తీసుకోండి నాయనా. మాటిచ్చాను, తప్పను," అంది నర్సమ్మ. కార్యదర్శి వైపు తిరిగింది. "మీ ఇంట్లో గోడలు గట్టివేనా?"

"గట్టివేనండీ."

"ఇది నిజమేనా?"

"నిజమే. ఇల్లు మాత్రం చిన్నది. ఒక్కటే పడగ్గది."

"నాకూ అదే అలవాటు లెండి," అని ఆవిడ ఆయన చేతిలోని దిండు తీసుకుని మెట్లెక్కింది.

రెండో అంతస్తులోకి ఆ జంట, పై అంతస్తులోకి నర్సమ్మ మారడానికి సొసైటీ ఆ సాయంత్రమే వీధిలో పరుపుల మీద కూర్చుని ఒప్పుకుంది. కార్యదర్శి మాత్రం చెయ్యెత్తలేదు, సొంత లాభం ఉన్నవాళ్ళు ఓటెయ్యకూడదని రూలు.