మాలకొండయ్య కారుకు టర్బో మంజూరైన విధము

మన దేశంలో నెమ్మదిగా వెళ్ళే హక్కు ప్రతి పౌరుడికీ పుట్టుకతోనే వస్తుంది. దానికి దరఖాస్తు లేదు, ఫోటో లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. వేగంగా వెళ్ళాలనుకునేవాడు మాత్రం ముందుగా ఆగాలి. ఎక్కడెక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో చెప్పడానికి ప్రభుత్వం వారు ఏకంగా ఒక విభాగాన్నే పెట్టారు. దాని పేరు వాహన స్వభావ మార్పుల పరిశీలన విభాగం. (ఆ విభాగానికి సొంత వాహనం లేదు. దరఖాస్తు పెట్టుకున్నారట.)

ఈ సంగతులేవీ తెలియకుండానే నల్లదిబ్బపాళెం మాలకొండయ్య తన చిన్నకారుకు టర్బో పెట్టించాలని నిర్ణయించుకున్నాడు.

మాలకొండయ్యది చేపల వ్యాపారం. తెల్లారి పడవలు ఒడ్డుకు చేరగానే ఆయన భార్య పోలేరమ్మ వేలం పాడి సరుకు పట్టుకుంటుంది. చందవలూ వంజరాలూ ఏరి ఐసు పెట్టెలో సర్దుతుంది. వెనక సీట్లు పీకేసిన కారులో ఆ పెట్టె ఎక్కించుకుని మాలకొండయ్య కావలికి తోలుకుపోతాడు. అక్కడ ఏడున్నరకు మద్రాసు లారీ కదులుతుంది. లారీ అందితే చేప చేపలాగా అమ్ముడుపోతుంది. అందకపోతే కావలి మార్కెట్లోనే మధ్యాహ్నం దాకా ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. గడిచిన రెండు నెలల్లో ఆయనకు లారీ అందింది నాలుగుసార్లు. తక్కిన రోజుల్లో దాని వెనక భాగం మాత్రమే దర్శనమయింది. ఆలస్యం ఎంతంటే, ఎప్పుడు చూసినా ఆరు నిమిషాలు. గంట ఆలస్యమైతే మనిషి తలరాత అనుకుని ఊరుకుంటాడు. ఆరు నిమిషాలు నిద్రపట్టనివ్వవు.

పాళెం నుంచి హైవే దాకా పదకొండు కిలోమీటర్లు, హైవే మీద మూడు. ఆ పదకొండు కిలోమీటర్ల రోడ్డు కాగితాల మీద తారుది. నేల మీద ఏమిటో చెప్పడం కష్టం. రెండు తుపాన్ల కిందట తారు లేచిపోయింది. మిగిలిన గుంతలకు జనం పేర్లు పెట్టుకుని, ఫలానా గుంత దగ్గర కలుద్దామని చెప్పుకుంటున్నారు. అయినా మాలకొండయ్య రోడ్డును ఏనాడూ అనుమానించలేదు. గుంతలు ఎప్పటినుంచో ఉన్నాయి. కారు రెండేళ్ళ కిందటే వచ్చింది. ఎవరైనా కొత్తగా వచ్చినవాళ్ళనే కదా అనుమానిస్తారు.

పోలేరమ్మ అట్లా కాదు. ఆమె రోడ్డునే అనుమానించి, పాళెంలో ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పద్నాలుగు సోమవారాలు అర్జీల రోజుకు నెల్లూరు వెళ్ళింది. పద్నాలుగో సోమవారం ఆమె అర్జీకి ఒక నంబరు వచ్చింది. రోడ్డు మరమ్మతుల జాబితాలో పాళెం రోడ్డు మూడోది అయింది. మూడోది అంటే ఈ ఏడాదే. ఆ నంబరును ఆమె దేవుడి పటం వెనక దాచింది.

ఇంతలో కిషోర్ వచ్చాడు. పోలేరమ్మ అన్న కొడుకు, కావలిలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్నాడు. కారు బానెట్ ఎత్తి, తల లోపల పెట్టి, బయటికి తీసి తేల్చేశాడు.

"ఇంజను మంచిదే మావా. గాలి చాలటం లేదు."

"గాలికేం కరువురా? సముద్రం ఒడ్డున ఉండాం కదా."

"ఆ గాలి కాదు. పొగ బయటకు పోతా ఒక ఫ్యానును తిప్పుతుంది. ఆ ఫ్యాను ఇంకో ఫ్యానును తిప్పి ఇంజన్లోకి గాలి తోస్తుంది. దాన్నే టర్బో అంటారు. కిట్టు బయట దొరకతా ఉండాది. బిగించినాక నీ లారీ నీ వెనకాల వస్తుంది."

లారీ తన వెనకాల రావడం మాలకొండయ్య కళ్ళకు కట్టినట్టు కనిపించింది. ఆ క్షణంలో ఆయన లొంగిపోయాడు.

అయితే పాళెంలో ఇంజనుకు సంబంధించిన వస్తువు ఏదైనా ఒక్కడే కొనుక్కునే ఆచారం లేదు. పడవ ఇంజను కొంటే వల లాగే చెయ్యి ఉన్న ప్రతివాడూ వచ్చి చూడాలి, తట్టాలి, చెవి పెట్టి వినాలి. టర్బోకూ అదే మర్యాద జరిగింది. ఒక సాయంకాలం ఒడ్డున ఎండేసిన వలల పక్కన పెద్దలు కూర్చున్నారు. కిషోర్ మూడు కిట్ల బొమ్మలున్న ఫోను చేతికిచ్చాడు. ఫోను ఒక చుట్టు తిరిగొచ్చేసరికి దాని అద్దం మీద పొలుసులున్నాయి.

"మొదటిది చిన్నది, తొక్కగానే వస్తుంది, బలం తక్కువ," అని కిషోర్ వివరించాడు. "రెండోది పెద్దది, బలం జాస్తి. కాకుంటే తొక్కినాక కొంచెం ఆగి వస్తుంది."

"ఎంతసేపు ఆగాల?" అన్నాడొక పెద్దాయన.

"రెండు సెకన్లు తాతా."

"పింఛనుకు తొమ్మిది నెలలు ఆగినాను. రెండు సెకన్లు ఒక లెక్కా?"

రెండో కిట్టు ఫ్యానుకు రెక్కలు కూడా ఎక్కువున్నాయి. పడవ ఫ్యానుకైతే మూడే. పదకొండు రెక్కలున్న ఫ్యానును ఆ ఒడ్డున ఎవరూ చూసి ఎరగరు. దాంతో చర్చ ముగిసింది. మూడో కిట్టులో అదనంగా ఇంటర్‌కూలర్ అని ఒక పెట్టె ఉంది. టర్బో తోసే గాలి వేడెక్కుతుందని, దాన్ని చల్లబరచడానికి ఆ పెట్టె కావాలని, రెండో కిట్టుకు కూడా అది విడిగా కొనాలని కిషోర్ చెప్పాడు.

మాలకొండయ్య అడ్డుపడ్డాడు.

"చల్లబరచను పెట్టె కొనేది ఏందిరా? కారు నిండా ఐసు పెట్టుకుని తిరగతా ఉండానే. ఆ గొట్టం ఐసు పెట్టెలోంచి తిప్పి తీసుకుపో."

కిషోర్ ఏదో చెప్పబోయాడు. కంపెనీ వాళ్ళు అట్లా చెప్పలేదన్నాడు.

"కంపెనీ వాళ్ళు ఏనాడన్నా ఐసు మోసినారా?" అని అడిగాడు తాత. మూడు తరాలుగా ఐసుతో బతుకుతున్నవాళ్ళకు చల్లదనం గురించి పాఠం చెప్పడం మర్యాద కాదని కిషోర్ గొట్టానికి కొలత తీసుకున్నాడు.

ఇక మిగిలింది అనుమతి. దానికి "వేగమిత్ర" అనే యాప్ ఉంది. అందులో దరఖాస్తుకు నలభై ఒక్క ప్రశ్నలు. తొమ్మిదో ప్రశ్న: మీకు వేగం ఎందుకు? దాని కింద అత్యవసరం, వ్యవసాయం, ఆధ్యాత్మికం, ఇతరములు అని నాలుగు గళ్ళు. చేపల సంగతి ఎక్కడా లేదు. "ఇతరములు" నొక్కితే అవి ఇతరములేనని ధ్రువపత్రం అడిగింది. చివరికి కిషోర్ ఆధ్యాత్మికం నొక్కాడు, ఏమీ అడగకుండా ముందుకు పోనిచ్చింది. పద్దెనిమిదో ప్రశ్నకు ఫోటో దిగాలి. యజమానియు వాహనమును ఇరువురును కళ్ళు తెరిచి ఉండవలెను. (వాహనమునకైతే హెడ్‌లైట్లు.) మాలకొండయ్య ఆరుసార్లు రెప్ప వేశాడు. కారు ఒక్కసారీ వెయ్యలేదు. గాలి చల్లబరిచే సాధనం కంపెనీదా, సొంతమా అన్న ప్రశ్నకు ఆయన గర్వంగా "సొంతం" అని పెట్టించాడు.

నలభయ్యో ప్రశ్న దగ్గర యాప్ ఆగిపోయింది. మార్గ సమ్మతి పత్రం జతపరచుము అంది. అదేమిటో తెలుసుకోవడానికి మాలకొండయ్య రెండుసార్లు నెల్లూరు వెళ్ళి, రెండోసారి వేగ పర్యవేక్షణాధికారి నరేంద్రబాబు గారి దర్శనం చేసుకున్నాడు. ఆయన చాలా మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు కూడా. (కుర్చీ లేదు.)

"చూడు మాలకొండయ్యా, వేగం మేం ఇస్తాం. ఇచ్చిన వేగాన్ని పెట్టుకోను నీకు చోటుండాల కదా? నువ్వు రోజూ పోయే రోడ్డు ఎనభై కిలోమీటర్ల వేగానికి తట్టుకుంటుందని నువ్వు రాసియ్యాల. పంచాయతీ కార్యదర్శి సంతకం పెట్టాల. అంతే."

"మా రోడ్డు అట్టాంటిది కాదు సార్."

"మా రికార్డులో అట్టాంటిదే," అన్నాడు నరేంద్రబాబు ఓదార్పుగా. "నువ్వేం కొత్తగా అబద్ధం చెప్పక్కర్లేదు. ఉన్నదానికి సంతకం పెట్టడమే."

పంచాయతీ కార్యదర్శి అబిగయీలు గారు ఆ పత్రాన్ని రెండుసార్లు చదివింది. ఆమె రోజూ అదే రోడ్డు మీద స్కూటర్ మీద వస్తుంది. నడుముకు పట్టీ కట్టుకుని వస్తుంది.

"మాలకొండయ్యా, నీ భార్య తిరిగి తిరిగి ఈ రోడ్డును జాబితాలో పెట్టించింది. ఇప్పుడు నువ్వు బాగుందని రాసిస్తా ఉండావు. ఆలోచించుకున్నావా?"

"అది రోడ్ల ఆఫీసు కదా మేడం. ఇది బండ్ల ఆఫీసు."

"రెండూ ప్రభుత్వమే."

"ప్రభుత్వమే మేడం. కానీ ఒక ఆఫీసు ఇంకో ఆఫీసుతో మాట్లాడింది మీరు ఎప్పుడన్నా చూసినారా?"

అబిగయీలు గారు ఇరవై రెండేళ్ళ సర్వీసును మనసులో వెతుక్కుంది. అట్లాంటిది ఒక్కటీ తగల్లేదు. "దరఖాస్తుదారు సొంతపూచీ మీద" అని పక్కన రాసి సంతకం పెట్టింది.

మాలకొండయ్య కూడా పెట్టాడు. పెట్టేటప్పుడు పద్నాలుగు సోమవారాలు గుర్తొచ్చాయి. ప్రతి సోమవారం పోలేరమ్మ తిరిగొచ్చి, కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ ఇంకొక్క వారం అనడం గుర్తొచ్చింది. కానీ రోడ్డు ఎప్పుడొస్తుందో తెలియదు. టర్బో అయితే శుక్రవారానికి వస్తుంది. ఇంట్లో మాత్రం ఈ పత్రం మాట చెప్పలేదు.

పత్రం ఎక్కించగానే యాప్ అనుమతి ఇచ్చింది. కిట్టూ శుక్రవారానికే వచ్చింది. కిషోర్ నాలుగు రోజులు కారు కింద పడుకుని కిట్టు బిగించాడు. గొట్టం ముందునుంచి వెనక్కి పోయి, ఐసు పెట్టెలో ఒక మెలిక తిరిగి, మళ్ళీ ముందుకు వచ్చింది. పాళెమంతా వచ్చి చెవి పెట్టి విన్నారు. తాత సరేనన్నాడు. పోలేరమ్మ పెట్టె నిండా చందవలు సర్ది, పైన ఐసు కప్పి, పసుపూ కుంకుమా కారుకే పెట్టింది.

మాలకొండయ్య కాలు అదిమాడు. రెండు సెకన్లు ఆగాడు. పాళెం రోడ్డు మీద రెండు సెకన్లకు ఒక గుంత వస్తుంది. టర్బో సరిగ్గా అప్పుడే వచ్చింది. ఆయన బ్రేకు తొక్కాడు. గుంత దాటాక మళ్ళీ అదిమాడు, మళ్ళీ ఆగాడు, టర్బోయూ గుంతా మళ్ళీ కలిసే వచ్చాయి. పదకొండు కిలోమీటర్ల పొడవునా ఆ రెండూ ఒక్కసారి కూడా విడివిడిగా రాలేదు. హైవే ఎక్కాక మాత్రం మూడు కిలోమీటర్లు దివ్యంగా పోయింది. ఒక ఆటోను, గడ్డిమోపుతో పోతున్న మోపెడ్‌ను దాటాడు.

లారీ వెళ్ళిపోయి తొమ్మిది నిమిషాలయింది. ఇన్నాళ్ళూ ఆరే.

పెట్టె మూత తీస్తే ఆవిరి వచ్చింది. దారి పొడవునా టర్బో గాలి చల్లబడింది. దాని వేడంతా ఐసుకు చేరింది. ఐసు నీళ్ళయింది. గోరువెచ్చని నీళ్ళలో చందవలు తెల్లగా తేలుతున్నాయి. మార్కెట్లో ఒకాయన వేలు ముంచి చూశాడు.

"ఏం మాలకొండయ్యా, సగం కూర నువ్వే చేసి తెచ్చినావే."

ఇంత జరిగినా ఆయన కుంగిపోలేదు. గొట్టం తీయించవచ్చు. రోడ్డు ఈ ఏడాది వస్తుంది. రోడ్డు వచ్చాక టర్బో దానంతటదే పనికొస్తుంది అనుకున్నాడు. ఆ నెలలోనే ప్రభుత్వం వారు శాఖల సమన్వయ పక్షోత్సవాలు జరిపారు. ఆ పదిహేను రోజులూ ప్రతి ఆఫీసూ మరో ఆఫీసుకు కనీసం ఒక కాగితం పంపాలని నియమం. వాహన స్వభావ మార్పుల విభాగం దగ్గర పంపడానికి పెద్దగా ఏమీ లేదు. ఉన్నదొక్కటి పంపింది.

పోలేరమ్మకు ఉత్తరం వచ్చింది. ఏడో తరగతి దాకా చదివిన మనిషి, గడప మీద కూర్చుని తనే పైకి చదివింది.

"మీ అర్జీ సంతృప్తికరముగా పరిష్కరించబడినది. సదరు రోడ్డు గంటకు ఎనభై కిలోమీటర్ల వేగమునకు అనువుగా ఉన్నట్లు నిత్య వినియోగదారు శ్రీ మాలకొండయ్య (అర్జీదారు భర్త) స్వయముగా ధ్రువీకరించినందున మరమ్మతుల జాబితా నుండి తొలగించడమైనది. మా సేవలకు ఐదింటికి ఎన్ని నక్షత్రములు ఇచ్చెదరో తెలుపగలరు."

మాలకొండయ్య వాకిట్లో ఖాళీ ఐసు పెట్టె కడుగుతున్నాడు. కడిగిన చోటే మళ్ళీ కడిగాడు.

"ఎనభై అంట," అంది పోలేరమ్మ. "నువ్వే రాసిచ్చినావంట."

"అది వేరే ఆఫీసుకు పోలేరీ."

"పద్నాలుగు సోమవారాలయ్యా."

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే ఆయనకు బాగుండేది. తిట్టడానికి కూడా ఓపిక లేనట్టు లేచి, దేవుడి పటం వెనకనుంచి నంబరు కాగితం తీసి, ఉత్తరంతో కలిపి మడిచి, లోపలికి వెళ్ళిపోయింది. మాలకొండయ్య తప్పు తనదేనని ఒప్పుకోవాలని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి, రెండుసార్లూ పెట్టె కడగడానికే తిరిగొచ్చాడు.

మరుసటి వారం రోడ్ల ఆఫీసు నుంచి ట్రాక్టర్‌లో నలుగురు మనుషులు, ఒక సిమెంటు బస్తా, ఒక బోర్డు వచ్చాయి. ధ్రువీకరించిన వేగాన్ని ప్రజలకు తెలియజేయడం నిబంధన. బోర్డు మీద ఎర్రటి వలయంలో ఎనభై అని ఉంది. ఇంతకు మించి వేగముగా పోరాదు అని కింద రాసి ఉంది. పోలేరమ్మ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. మాలకొండయ్య ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు తవ్వే శ్రమ పెట్టుకోకుండా, ఉన్నవాటిలోనే ఒక మంచి గుంత చూసుకుని, అందులో బోర్డు నిలబెట్టి, సిమెంటు పోసి, చుట్టూ మట్టి చదును చేసి వెళ్ళిపోయారు.

ఆ రోడ్డు మీద ఈ ఏడాది పూడిన గుంత అదొక్కటే.