రాయగడకు సముద్రం

"సముద్రం బయల్దేరింది. రాయగడ సిద్ధంగా ఉండాలి!"

తీర సంరక్షణ సమితి చైర్మన్ ఈశ్వరప్రసాద్ గారు ఈ మాట అనగానే, ఆ మైకు అద్దెకిచ్చినవాడిగా నాకు ఒళ్లు పులకరించింది. సముద్రం మాకు నూరు కిలోమీటర్ల పైమాటే. అంత దూరపు ప్రమాదాన్ని ఇక్కడినుంచే పసిగట్టే నాయకులు ఎందరుంటారు?

ఆధారం కూడా ఉంది. జియాలజిస్టు సస్మిత రాసిన రిపోర్టు. మంచుయుగం పోయి మంచు కరిగాక సముద్రం సుమారు నూట ఇరవై మీటర్లు పెరిగిందనీ, అప్పటి తీరం ఇప్పుడు నీళ్ల అడుగున ఉందనీ అందులో ఉంది.

"సార్, అది వేల ఏళ్లలో జరిగింది," అన్నారామె లేచి. "ఇప్పుడు పెరిగేది ఏడాదికి మిల్లీమీటర్లలో. రాయగడే రెండొందల మీటర్ల ఎత్తులో ఉంది."

"పెరిగిందా, నేదా? అది సెప్పండి."

"పెరిగింది గానీ..."

"సైన్సు ఒప్పుకుంది!" అన్నారు చైర్మన్ గారు. చప్పట్లు.

మొట్టమొదట కాపాడటానికి కాశీపూర్ వైపు ఒక కొండమీది ఊరిని ఎంపిక చేశారు. నలభై గడపలు. వాళ్లకి కొండ కింద, వాగు పక్కన రేకుల కాలనీ కట్టించారు. అక్కడి సభకూ టెంటు నాదే.

సంతలో అల్లం అమ్ముతూ తెలుగు నేర్చుకున్న ధరణి లేచి నిలబడింది.

"నీళ్లొస్తే మేకయినా పైకెక్కుతాది గదా బాబూ. మమ్మల్ని కిందకి దించుతారేటి?"

చైర్మన్ గారు జాలిగా నవ్వారు. "సముద్రం వచ్చినట్టు ముందుగా ఎవులికి తెలుస్తాది? కిందున్నోలకే గదమ్మా!"

ఆ ముందుచూపుకి నేను చప్పట్లు కొట్టాను. ధరణి ఇంకేదో అనబోయింది. అప్పటికే పోలీసు జీపులు వచ్చి ఆగాయి.

వారం తిరక్కుండా ఊరు దిగింది. ధరణి తన అల్లం మడి కేసి తిరిగి తిరిగి చూసుకుంటూ దిగింది. మర్నాడే కొండ చుట్టూ కంచె పడింది. ఎర్రమట్టితో లారీలు దిగడం మొదలెట్టాయి. మనుషులతో సరిపెట్టుకోక, కొండను కూడా సురక్షిత ప్రాంతానికి తరలిస్తున్న నాయకుణ్ణి నేను మరెక్కడా చూడలేదు.

ఆషాఢంలో వాగు పొంగింది. కాలనీలో నడుంలోతు నీళ్లు. ధరణి పిల్లల్ని చంకనేసుకుని కొండ ఎక్కబోతే, కంచె దగ్గర కాపలావాడు ఆపాడు.

"పాసుందా?"

మధ్యాహ్నానికి చైర్మన్ గారు రబ్బరు పడవలో వచ్చారు. వెనకే విలేకరులు.

"నాను సెప్పలేదా? వచ్చేసింది!"

ధరణి దోసిలితో నీళ్లు తీసి నాలుకకి తగిలించుకుంది.

"ఉప్పు నేదు బాబూ."

చైర్మన్ గారి ముఖం గంభీరమైంది. పీఏ వైపు తిరిగారు.

"రాసుకో. ఇంటికి రెండు కేజీలు."