నా పన్నుకు పది రోజుల సెలవు

యాభై దాటిన ప్రతి మనిషికీ దవడలో ఒక పన్ను పీకి, ఆ సందులో స్క్రూ బిగించాలి! ఇది అభిప్రాయం కాదు, అనుభవం. ఇంత గొప్ప మేలును రేషన్ బియ్యంలాగా ఇంటింటికీ పంచకపోవడం ప్రభుత్వాల వైఫల్యమేనని నా మనవి.

ఎవడివయ్యా నువ్వు, అంటారా? పేరు సిద్ధిరాములు. మా తాత కరీంనగర్ వైపు నుంచి మహారాష్ట్రలోని ఈ భివండీకి వచ్చాడు. నాకు శాంతి నగర్‌లో పన్నెండు సాంచాలున్నాయి. సాంచాలంటే పవర్‌లూములు. ఒక్కొక్కటి ఒక పెళ్ళిబ్యాండంత చప్పుడు చేస్తుంది. పన్నెండు బ్యాండ్ల మధ్య ముప్పై ఏళ్ళు సేటుగిరీ చేసినవాడి గొంతు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను అన్నంలోకి ఉప్పడిగితే ధామన్కర్ నాకా చౌరస్తాలో ఆటోలు ఆగిపోతాయని మా ఆవిడ శోభ అంటుంది. పచ్చి అబద్ధం. మా సందు చివరి దాకానే వినిపిస్తుంది.

మేనల్లుడి పెళ్ళిలో మటన్ బొక్క కొరికితే కుడివైపు దవడపన్ను నిలువునా చీలింది. పీకించాను. ఖాళీ సందులో అన్నం మెతుకులు కాపురం పెట్టాయి. "బాపు, ఇంప్లాంట్ కరూన్ టాక్!" అన్నాడు మా అబ్బాయి అమిత్, పెట్టించేసుకొమ్మని. వాడు మరాఠీ బడిలో చదివాడు. తండ్రిని కూడా మరాఠీలోనే బాగు చేస్తాడు.

నాకా దగ్గర ఒక డాక్టరమ్మ ఉంది, మా అమ్మాయి వయసు. చిగురు కోసింది, ఎముకకు బెజ్జం వేసింది, స్క్రూ బిగించింది, కుట్లేసింది. నొప్పా? సూది మందు పుణ్యమా అని ఏమీ తెలియలేదు. ఆ డ్రిల్లు శబ్దానికి నేను కునుకు కూడా తీశాను. సాంచాల మధ్య పెరిగినవాడికి అదొక చప్పుడా?

అసలు వరం ఆ తర్వాత వచ్చింది. డాక్టరమ్మ వేలు చూపిస్తూ చదివింది: ఐసుముక్కలతో కాపడం పెట్టుకోవాలి. ఉమ్మకూడదు. స్ట్రాతో పీల్చకూడదు. వేడివి వద్దు, గట్టివి వద్దు, తంబాకు అసలే వద్దు. ఎముక స్క్రూను పట్టుకోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, అప్పటిదాకా దాని జోలికి పోకూడదు. క్యాపు ఆ తర్వాతే. "ఆణి కాకా, టాకే కాఢేపర్యంత్ ఓరడాయ్‌చం నాహీ!" అంది. కుట్లు విప్పేదాకా అరవకూడదట. అరవకుండా మాట్లాడటం నాకు రాదు కాబట్టి ఇక మౌనమే. పది రోజులు!

శోభ రెండు చేతులూ జోడించి డాక్టరమ్మను బతిమాలింది. "మేడం, దస్ కాయ్‌కో? పంద్రా కరో నా!" పది చాలవట, పదిహేను చేయాలట.

చూశారా, ముప్పై ఏళ్ళ కాపురంలో మా ఆవిడ నా ఆరోగ్యం గురించి ఇంతగా పట్టించుకోవడం అదే మొదటిసారి. ఇంప్లాంట్ పెట్టించుకోకపోతే ఈ ప్రేమ బయటపడేదా?

ఇక భోజనం! లోకంలో ఇన్ని వంటలెందుకండీ, వేస్టు! మిక్సీలో వేస్తే అన్నీ ఒకటే. పప్పన్నం ఒక గిన్నె పేస్టు, అట్టు ఒక గిన్నె పేస్టు, వంకాయ కూర ఊదారంగు పేస్టు. అద్వైతం అంటే ఏమిటో నాకు నాలుగో రోజు మధ్యాహ్నం అర్థమైంది. డాక్టరమ్మ రాసిచ్చిన ఐస్‌క్రీమ్ మాత్రం మా అమ్మాయి కాజల్ తినేది. "బాపు, నీ కోసమే తెచ్చిన, ఎట్లుందో చూస్తున్న," అని చూస్తూ చూస్తూ డబ్బా అడుగు దాకా చూసేది.

పరామర్శకు వచ్చినవాళ్ళ ఆప్యాయత ఏమని చెప్పను? మా పెద్దమ్మ కూతురు పెంటవ్వక్క స్టీలు డబ్బా నిండా సకినాలు చేసి తెచ్చింది. కుట్లేసిన దవడకు సకినాలు! ఎముక గట్టిదో, సకినం గట్టిదో తేల్చుకోవాలనుకుందేమో. నా బుగ్గ చూసి కంటతడి పెట్టుకుని, నా ముందే కూర్చుని కరకరా తిని వెళ్ళింది. నేను ఒక్క మాట అనలేదు. అనలేకపోయాను కాబట్టి మా అక్క దృష్టిలో నేను దేవుణ్ణయ్యాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరే లేకపోతే ఊరు బంగారం!

చిక్కంతా సైగలతోనే వచ్చింది. నేను బొటనవేలు పెదవి దగ్గర పెడితే నీళ్ళని అర్థం. అమిత్ ఫోన్ తెచ్చిచ్చాడు. తల పట్టుకుంటే అమృతాంజన్ తెచ్చాడు. చివరికి విసిగిపోయి, "అరే బాపు, కళత్ నాహీ! సమజైతలేదు! ఏం గావాల్నో రాసియ్యి," అన్నాడు. రాసిచ్చాను. వాడికి తెలుగు చదవడం రాదు.

అయిదో రోజు ఇల్లు భరించలేక కార్ఖానాకు వెళ్ళాను. తలుపు తీయగానే చప్పుడు ఛాతీ మీద పడింది. ఏడో సాంచా మీద పోగులు తెగిపోతున్నాయి. ఆ సాంచా అంకుశానిది.

అంకుశం గురించి ఒక మాట. జగిత్యాల దగ్గరి పల్లె, సెంటు భూమి లేని ఇల్లు. పదకొండేళ్ళుగా నా దగ్గర కూలి. పనిలో వంక పెట్టలేం గానీ మహా మొండిఘటం. వెనక నుంచి పిలిస్తే పలకడు, తిడితే ఉలకడు. రోజూ పొద్దున గుమ్మంలో నిలబడి "చెవుడారా నీకు?" అని అరవడం నాకు దేవుడికి దండం పెట్టుకోవడం లాంటిది. అది చేస్తేగాని రోజు మొదలయ్యేది కాదు.

ఆ రోజు అరిచే యోగం లేదు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. తెగిన పోగు చూపించి, రెండు వేళ్ళు తిప్పి, కనుబొమ్మ ఎగరేశాను. అతను నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. సాంచా ఆపాడు, సరిచేశాడు, మళ్ళీ నడిపాడు. ఆపైన నా బుగ్గ చూపించి, చేయి ఊపి, నొప్పి తగ్గిందా అని అడిగాడు. నేను తలూపాను. నీళ్ళు కావాలా అని అడిగాడు. కావాలన్నాను. నీళ్ళే వచ్చాయి!

అయిదు రోజుల్లో నా మాట పూర్తిగా అర్థమైన మొదటి మనిషి, పదకొండేళ్ళుగా నా మాట విననివాడు. ఇదేం విచిత్రం అనుకున్నాను.

టీ వేళకు అందరూ ఎదురుగా ఉన్న టపరీ కొట్టుకు బయలుదేరారు. సందులో అంకుశం ముందు నడుస్తున్నాడు, నేను పది అడుగుల వెనక. నూలు చుట్టిన బీములు వేసుకున్న టెంపో ఒకటి రివర్స్‌లో వస్తోంది. హారన్ కొడుతోంది, క్లీనర్ బండి రేకును డబడబా బాదుతున్నాడు. అంకుశం మాత్రం తాపీగా బీడీ వెలిగించుకుంటున్నాడు. టెంపో అతని వీపుకు మూరెడు దూరంలోకి వచ్చేసింది.

నోరు తెరిచాను. గొంతు లేచేలోపు కుట్టు పుటుక్కుమంది. శబ్దం రాలేదు, ఉప్పగా నెత్తురొచ్చింది. పరుగెత్తి అతని చొక్కా పట్టి లాగాను. ఇద్దరం గోడకు కొట్టుకున్నాం.

డ్రైవర్ తల బయటపెట్టి అరిచాడు: "బహెరా హై క్యా బే?"

చెవుడారా అని రోజూ నేనడిగే ప్రశ్నే అది. పదకొండేళ్ళుగా అడుగుతున్నాను, ఒక్కరోజు కూడా జవాబు కోసం ఆగలేదు. ఆ రోజు నా దగ్గర రెండో మాట లేదు కాబట్టి ఆగాను. అంకుశం వైపు చూసి, నా చెవి మీద వేలు పెట్టి, కనుబొమ్మ ఎగరేశాను.

అతను తల దించుకున్నాడు. "ఇనబడది సేట్. ఎడమది మొత్తమే పోయింది. కుడిది జర జర. ఏడెనిమిదేండ్లాయె."

నేను చేతులు తిప్పాను. ఎందుకు చెప్పలేదని.

"చెప్తె పనికెల్లి తీసేస్తరని. చెవిటోన్ని ఎవలు పెట్టుకుంటరు? మొఖం జూసి సమజ్ చేసుకుంట పోతున్న." నన్ను ఓదారుస్తున్నట్టుగా అన్నాడు: "మీ తిట్లు ఇనబడకపోతుండె గని, కోపమొచ్చిందని ఎర్కైతుండె సేట్."

నా ఎనిమిదేళ్ళ తిట్లు! ఎంత గొంతు, ఎంత ఊపిరి, ఎంత భాషా పాండిత్యం! అన్నీ వృథా. నవ్వాలనిపించింది, దవడ ఒప్పుకోలేదు. ఏడవాలన్నా అదే ఇబ్బంది.

డాక్టరమ్మ తెగిన కుట్టు మళ్ళీ వేసి నన్ను మరాఠీలో చాలాసేపు కడిగింది. మర్నాడు అంకుశాన్నీ అతని భార్య రామవ్వనూ వెంటబెట్టుకుని చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. రామవ్వ దారిపొడవునా నన్ను అనుమానంగానే చూసింది. సేటు ఆటో కట్టించుకుని మరీ తీసుకెళుతున్నాడంటే పనిలోంచి తీసేయడానికేనని ఆమె లెక్క. నా నోరు మూసి ఉంది కదా, కాదని చెప్పడానికి కూడా లేదు.

"ఇంట్ల టీవీ పెడితె చాలీల ఇరుగుపొరుగంత ఇంటది సార్, ఈయనొక్కడు తప్ప," అని రామవ్వ డాక్టర్‌తో చెప్పింది. "మా పోరి ఫోన్ల మాట్లాడుతాంటె ఊకెనె హూ హూ అంటడు. అది ఏడ్సుకుంట చెప్పినా హూ అన్నడు."

అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు మిషన్ తగిలించి పరీక్ష చేశారు. డాక్టర్ కాగితం మీద కిందికి జారిపోతున్న గీత చూపించాడు. చప్పుడుకు లోపలి నరం దెబ్బతిన్నదట. పోయింది ఇక రాదు. చెవి మిషన్ పెడితే కొంత ఆసరా. మిగిలింది నిలవాలంటే చప్పుడుకు దూరంగా ఉండాలి. "విశ్రాంతి ముఖ్యం," అన్నాడు.

విశ్రాంతి! ఆ మాట నాకు కొత్త కాదు. బియ్యపు గింజంత స్క్రూ కోసం నా దవడ ఎన్ని భోగాలు అనుభవించింది! ఐసు, మెత్తటి తిండి, పది రోజుల మౌనం, మూడు నెలల పాటు ఎవరూ ముట్టుకోవద్దనే హుకుం. పన్నెండు గంటల పాళీ డ్యూటీ చేసే చెవులకు మాత్రం ఎనిమిదేళ్ళుగా ఏ డాక్టరూ ఏమీ రాసివ్వలేదు. రాసిచ్చినా చీటీ నా దగ్గరికే రావాలి. నేనేమనేవాడినో మీకు తెలుసు. చెవుడారా నీకు, అనేవాడిని.

అంకుశాన్ని సాంచాల మీది నుంచి తీసేశాను. రామవ్వ నేల మీద కూలబడి ఏడవబోయింది. వెనక గదిలో, తలుపు మూసి, గుడ్డ చూసి మడతపెట్టే పనికి మార్చానని, కూలి తగ్గదని కాజల్ చేత చెప్పించాక కూడా ఆమె మూడుసార్లు అడిగింది. మిగతా కూలీలకు చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు తెచ్చాను. వాళ్ళలో భూపతి అనే పెద్దమనిషి వాటిని పట్టుకుని, "సేట్ ఇగ మనల తిట్టినా మనకు ఇనబడద్దని తెచ్చిండురా," అన్నాడట. అనుమానం తప్పు కాదు. నా చరిత్ర అలాంటిది.

పదో రోజు కుట్లు విప్పారు. గొంతు తిరిగి వచ్చింది. శోభ మొహంలో దిగులు కూడా వచ్చింది. ఆ ఆదివారమే నిజాంపురాలో మా కార్ఖానాదారుల మీటింగు. జీవితంలో మొదటిసారి చెప్పదగిన మాట ఒకటి నా దగ్గర ఉంది. లేచి నిలబడ్డాను. "మన కూలీలందరికీ చెవుల పరీక్ష చేపిద్దాం. బిరడాలు ఇద్దాం. చెవులు పోయినోళ్ళను తీసెయ్యకుంట వేరే పని ఇద్దాం," అన్నాను.

నలభై మంది ఒకేసారి మాట్లాడారు. కరెంటు బిల్లు గురించి ఒకరు, నూలు ధర గురించి ఒకరు. సదానందం అనే మిత్రుడు పక్కవాడితో, "పన్నుతోని దిమాక్ గూడ పీకిండ్రేమో," అన్నాడు. నేను రెండోసారి చెప్పాను. మూడోసారి, దవడ నొప్పి పెడుతున్నా, పూర్తి గొంతుతో చెప్పాను.

అధ్యక్ష స్థానంలో ఉన్న భీమ్‌రావు సేటు చెవి వెనక చేయి పెట్టి ముందుకు వంగాడు. "ఏందీ? ఇనబడ్తలేదు! ఇంకో మాట చెప్పు!"

ఆయనకు నిజంగానే చెవులు పోయాయో, నాలాగా వినదలచుకోలేదో నాకు తెలియదు. ఆ రెండింటికీ తేడా చెప్పే మిషన్ చెవుల డాక్టర్ దగ్గర కూడా లేదు.