సముద్రం ఒడ్డున బోణీ

ఆ రోజు పొద్దున వెంకటేశం వేసుకున్న పథకం చాలా చిన్నది. కౌసల్య నిద్ర లేచేలోపు తన చేత్తో టీ పెట్టాలి, ఒక సర్వపిండి కాల్చాలి, ఆమెను సముద్రానికి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి చేతికి అందించాలి. అంతే.

జనగామలో కిరాణా కొట్టు నడిపే మనిషికి ఇంత కష్టం ఎందుకొచ్చిందంటే, పెళ్లయిన ముప్పై రెండేళ్లకు కౌసల్య మొదటిసారి ఒక షరతు పెట్టింది. "సముద్రం కాడ ఉన్న నాలుగు దినాలు నేను పొయ్యి ముట్ట. ముట్టవలసొస్తే అటునుంచి అటే రైలెక్కి మానుకోటల మా అక్క ఇంట్ల దిగుత. మల్ల ఉగాదికే వచ్చుడు."

ఇప్పుడు నడుస్తున్నది కార్తీకం. ఉగాది దాకా కొట్టూ, పొయ్యీ తానొక్కడే చూసుకోవడం ఊహించుకుని వెంకటేశం వెంటనే ఒప్పుకున్నాడు. మానుకోట దగ్గరి తండాలో ఉండే రెడ్యాను, అతని బండిని మాట్లాడుకున్నాడు. బండిలో రెండు పడకలు, చిన్న వంటగది, పక్కన గోడంత కిటికీ. "దీంట్లనే పండొచ్చు, దీంట్లనే వండుకోవచ్చు సేటూ. నడిచే ఇల్లు" అన్నాడు రెడ్యా. అంతకుముందు పదేళ్లు ఆ ఇల్లు భూపాలపల్లిలో బొగ్గుబావి ముందర టిఫిన్ బండిగా నిలబడిందన్న సంగతి చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

సూర్యలంకలో ఒక రిసార్టు వాళ్లు బండ్లకు ఇచ్చే చోటులో రాత్రి దిగారు. తెల్లవారి ఎండ నీళ్ల మీద మెరుస్తుండగా వెంకటేశం కిటికీ రేకు పైకెత్తాడు. రేకు అంచుకు చుట్టి ఉన్న పాత గుడ్డ విడిపోయి బయటికి వేలాడింది. దాని మీద ఎర్రటి అక్షరాలతో 'వేడి వేడి టిఫిన్స్' అని ఉంది. లోపల నిలబడ్డ వెంకటేశానికి గుడ్డ వెనకవైపు తప్ప ఏమీ కనబడదు.

టీ మరుగుతుండగా తెల్ల నిక్కరు ఆసామి ఒకడు వచ్చాడు. "బాబాయ్‌గారండీ, రెండు టీలు ఇవ్వండి."

ఇది హోటల్ కాదని చెప్పడానికి వెంకటేశం నోరు తెరిచాడు. కానీ వచ్చింది బోణీ బేరం. నలభై ఏళ్లలో బోణీకి వచ్చిన మనిషిని అతను వట్టి చేతులతో తిప్పి పంపలేదు. ఒకసారి ఎవరో పొద్దున్నే కొట్టుకొచ్చి మేకపిల్ల కావాలంటే, దేవరుప్పుల దాకా మనిషిని తోలి తెప్పించి ఇచ్చాడని జనగామలో చెప్పుకుంటారు. నోరు కాదనేలోపే చెయ్యి టీ పోసేసింది.

తెల్ల నిక్కరు వెనక మరో పద్నాలుగు నిక్కర్లు ఉన్నాయి. అది నడక సంఘం. వాళ్లు టీ తాగుతుండగా సర్వపిండి వాసన లేచింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి, గిన్నెకు అదిమి, వేలితో చిల్లులు పొడిచి, నూనె పోసి కాల్చే రొట్టె అది.

"అట్టుకి ఈ చిల్లులేంటండీ?"

"గాలి ఆడనీకి" అన్నాడు వెంకటేశం.

"మీ మాటా గట్టిగానే ఉంది, అట్టూ గట్టిగానే ఉంది."

"మెత్తగ గావాలంటే ఇడ్లి తినుండ్రి."

"అబ్బే, ఇంకోటి వేయండి!"

కౌసల్య కోసం కాల్చిన మొదటి రొట్టె అలా పోయింది. రెండోదీ అదే దారి పట్టింది. అంతలో వనభోజనాల బస్సొకటి ఆగింది. అందులోంచి దిగిన యాభై మంది, వరస ఎందుకో కూడా అడగకుండా వరసలో నిలబడ్డారు. ఏడున్నరకు వరస తోక సముద్రంలోకి పోయింది. చివరి ఇద్దరూ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, అల వచ్చినప్పుడల్లా ఎగిరారే గానీ చోటు వదల్లేదు.

స్నానానికి పోయిన రెడ్యా తడి బట్టలతో ఉరికొచ్చాడు. "సేటూ, గిదేంది! బండి మల్ల పాత పని షురూ చేసింది!"

"పాత పనేంది రెడ్యా?"

"ఏం లే సేటూ. ప్లేట్లు కింది అరల ఉంటయి" అన్నాడు రెడ్యా, అటు చూడకుండానే.

ఈ గోలకు కౌసల్య లేచింది. వెనక తలుపులోంచి దిగి, తన సంచీ, కుర్చీ తీసుకుని పది అడుగుల దూరం పోయి, బండికి వీపు పెట్టి సముద్రం వైపు కూర్చుంది. వరసలోని ఒకావిడ వంగి అడిగింది: "ఇక్కడ బాగా చేస్తారా అండీ?"

"నాకు తెల్వదమ్మా. ముప్పై రెండేండ్లల నాకైతే ఒక్క పూట పెట్టలే."

"కౌసల్యా! పిండి పలచనైంది. జర సూడు!" అని కిటికీలోంచి కేక వచ్చింది.

"పొయ్యి ముట్ట."

"ముట్టకు. నోటితోని జెప్పు."

"నోటికి గూడ సెలవే" అంది కౌసల్య. ఒక్క క్షణం ఆగి, "ఇంత పొడిపిండి కలుపుకోవాలె" అని సముద్రానికి చెప్పింది.

ఎనిమిదింటికి రిసార్టు మేనేజరు శామ్యూల్ వచ్చాడు. "ఏంటండీ ఇది? మా క్యాంటీన్లో అరవై ప్లేట్ల ఇడ్లీ చల్లారిపోయింది. మా వంటాయన మీ వరసలో నిలబడ్డాడు. రమ్మంటే, నా వంతు అయ్యాక వస్తానంటున్నాడు! మధ్యాహ్నంలోగా చోటు ఖాళీ చేయండి!"

చోటు ఖాళీ అయితే సెలవులూ ఖాళీయే. వెంకటేశం చేతిలో అట్లకాడ ఆగిపోయింది. కౌసల్య కుర్చీలోంచి లేచి, సంచీ భుజాన వేసుకుని, మొదటిసారి వెనక్కి తిరిగింది. మానుకోట రైలేనని అతను ఖాయం చేసుకున్నాడు.

ఆమె నేరుగా శామ్యూల్ దగ్గరికి పోయింది. "సారూ, మీ వంటాయన ఇయ్యాల ఇంక మీకు దక్కడు. బండి మూసేస్తం. మిగిలిన దినాలు మా ఆయన మీ క్యాంటీన్ల వండుతడు. నాకు సముద్రం కనవడే రూము ఇయ్యుండ్రి. మూడు పూటలు ఆడికే పంపుండ్రి."

శామ్యూల్ కిటికీ దగ్గరున్న రొట్టెలోంచి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. ఇంకో ముక్క కూడా వేసుకున్నాడు. "మాకు సమ్మతమే. మరి ఆయన ఒప్పుకుంటారా అండీ?"

"నేనెందుకు..." అని వెంకటేశం నోరు తెరిచాడు.

కౌసల్య కిటికీ ముందుకొచ్చి నిలబడింది. "నా బతుకుల నేను చేసిన మొదటి బేరం. బోణీ. కాదంటరా?"

నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. చెయ్యి మాత్రం పిండి గిన్నె ఎత్తుకుని క్యాంటీన్ వైపు బయలుదేరింది.

ఆ రోజూ, తర్వాతి మూడు రోజులూ కౌసల్య కడుపునిండా అలలు చూసింది. టీ చల్లారిందని రెండుసార్లు వెనక్కి పంపింది. క్యాంటీన్ వంటగదికి ఉన్న ఒక్క కిటికీ నీళ్ల ట్యాంకు వైపు తెరుచుకుంటుంది.

జనగామకు వచ్చాక కౌసల్య సముద్రం గురించి వాడకట్టు ఆడవాళ్లకు వారం రోజులు చెప్పింది. ఆ సంగతి విని కొట్టుకొచ్చిన కట్టయ్య అడిగాడు: "సముద్రం ఎట్లున్నది సేటూ?"

వెంకటేశం కందిపప్పు తూస్తూ తలెత్తకుండా, "ఉన్నదట" అన్నాడు.